టికెట్లు వృథా పోకూడదని

స్టేషను ఎదుటి హాస్టలు,
మొదటి ఊరు. చేరిన మూడో రోజు.

అక్కా,

చేరాం. ఇద్దరం క్షేమం, రెండు సంచులూ క్షేమం. విమానంలో నా చెవులు మూసుకుపోయి, రెండు రోజుల పాటు ఎవరేమన్నా తల ఊపుతూ తిరిగాను. మీ మరిదికి అది బాగా నచ్చినట్టుంది.

హాస్టలంటే నువ్వేం ఊహించుకుంటున్నావో గానీ, ఒక పొడుగాటి గది, అందులో నాలుగు రెండంతస్తుల ఇనుప మంచాలు, ఎనిమిది మందిమి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు కదా, కింది పడక ఆయనకి, పైది నాకు. నలభై రెండేళ్ళొచ్చాక నిచ్చెనెక్కి పడుకుంటున్నాను. మొదటిసారి ఎక్కుతుంటే ఎదుటి మంచం మీది కాలేజీ పిల్లలిద్దరు చప్పట్లు కొట్టారు. అందుకని దిగేటప్పుడు ఎవరూ లేని సమయం చూసుకుంటున్నాను.

వంటగది అందరికీ ఒక్కటే. ఎవరి సరుకు మీద వాళ్ళు పేరు రాసుకోవాలి. మేం గుడ్ల మీద కూడా రాశాం. పొద్దున రొట్టె, గుడ్లు. మధ్యాహ్నం రొట్టె, పొద్దున మిగిలిన గుడ్లు. సాయంత్రం ఏదో ఒకటి వేడిగా. ఎంత దూరమైనా నడకే. ఇంతకి మించి ఖర్చు పెట్టకూడదని గీత గీసుకుని బయల్దేరాం కదా, ఆ గీత విషయంలో మీ మరిది లక్ష్మణుడే.

ఇక ఆయన సంగతి. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నావు కదా, వాటర్ వర్క్స్‌లో కూర్చుని నేల కింద పైపులు ఎటు పోతున్నాయో మ్యాపులు గీసే మనిషి. ఇక్కడికొచ్చినా తల పైకెత్తడం లేదు. అందరూ వంతెనల్నీ పాత మేడల్నీ ఫోటోలు తీసుకుంటుంటే ఈయన రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూతలకి ఫోటోలు తీస్తున్నారు. నిన్న ఒక మూత దగ్గర గొంతుక్కూర్చుంటే, ఏదో పారేసుకున్నాడనుకుని దారిన పోయే ఒక పెద్దావిడ తనూ వంగి వెతికింది.

చాలా సరదాగా ఉంది అక్కా. నదొడ్డున చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచాం. అచ్చం పెళ్ళయిన కొత్తలోలాగే.

ఫోను చెయ్యమన్నావు గానీ, ఇక్కణ్ణుంచి ఫోనంటే పలకరింపులతోనే సరిపోతుంది. ఉత్తరాలే నయం. ఐదు ఊళ్ళ చిరునామాలూ ఆయన నీకు రాసిచ్చారు కదా, తేదీలు చూసుకుని ముందు ఊరికి వేస్తూ ఉండు.

యూనిఫారాలు ఎందాకా వచ్చాయి? నీలం నిక్కర్ల నడుం పట్టీకి లోపల రెండో కుట్టు వెయ్యడం మర్చిపోకు.

నీ
పిచ్చిక


షాపు, కటింగు బల్ల మీద నుంచి.
శుక్రవారం మధ్యాహ్నం.

పిచ్చికా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి గట్టిగా చదివితే మిషన్ల మీద ఉన్న ఆడవాళ్ళందరూ పని ఆపేసి విన్నారు. నిచ్చెన దగ్గర మరీ నవ్వారు. నువ్వు తిరిగొచ్చాక నిన్ను చూసి కూడా నవ్వుతారు, సిద్ధంగా ఉండు.

నడుం పట్టీ సంగతి నాకు చెబుతావా? నీకు సూదిలో దారం ఎక్కించడం నేర్పించిందెవరే?

బడులు తెరిచేలోపు ఇవ్వవలసిన జతల్లో సగం అయ్యాయి. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మొన్న మొరాయించింది. నేను విప్పి, నూనె పోసి, రెండు తిట్లు తిడితే దారికొచ్చింది. బటన్లాయన ఈసారి తెల్ల బటన్లకి బదులు పాలమీగడ రంగువి తెచ్చాడు. తిప్పి పంపాను. మర్నాడే వచ్చాడు సరైనవి పట్టుకుని, వానలో, గొడుగు లేకుండా. ఒక తువ్వాలిచ్చి టీ తెప్పించాను. మనిషి బాగా చిక్కినట్టున్నాడు. భార్య పోయి ఆరేళ్ళవుతుందిట. ఇన్నాళ్ళుగా సరుకు తెస్తున్నా నేనెప్పుడూ అడగలేదు సుమా.

చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచామని రాశావే, అక్కడ ఆగిపోయాను కాసేపు. మరిదిగారికి చేతులున్నాయని నాకు తెలుసు గానీ, వాటిని పట్టుకోవడానికి కూడా వాడతారని తెలీదు. సంతోషమే. మీ ఇద్దరూ ఈ మధ్య కాస్త ముభావంగా ఉంటున్నారని నాకో అనుమానం ఉండేది. పోయింది.

మరిదిగారి పేర ఆఫీసు కవరొకటి షాపు చిరునామాకి వచ్చింది. అల్మారాలో పెట్టాను.

తడి బట్టలతో పడుకోకు. రోజూ రొట్టె తింటే కడుపు మొండికేస్తుంది, పళ్ళు కొనుక్కో. ఆ గీత కొంచెం దాటినా ఏం కాదని మరిదిగారితో నేనన్నానని చెప్పు.

అక్క


కొండ వాలులోని హాస్టలు,
రెండో ఊరు.

అక్కా,

ఆ కవరు విప్పకు. ఆఫీసు కాయితాలు, మనకెందుకు.

ఈ ఊరంతా ఎక్కుళ్ళూ దిగుళ్ళే. మెట్లు, మళ్ళీ మెట్లు. మొన్న దారి తప్పాం. మ్యాపులు గీసే మనిషి చేతిలో మ్యాపు పెట్టుకుని దారి తప్పడం! వాన పడితే బస్సు షెల్టరులో రెండు గంటలు కూర్చుండిపోయాం. ఒకటే నవ్వుకున్నాం. తర్వాత ఆయనే దారి కనిపెట్టి తీసుకొచ్చారు.

రోజూ ఆయనే రొట్టె కోసి, నా ముక్క మీద ఎక్కువ వెన్న రాసి ఇస్తున్నారు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. మా గదిలో ఇద్దరు సైకిళ్ళ మీద దేశాలు తిరిగే వాళ్ళున్నారు, భార్యాభర్తలే. మమ్మల్ని చూసి, మీకు పెళ్ళయి ఎంతకాలమైందని అడిగారు. పద్దెనిమిదేళ్ళంటే నమ్మలేదు.

అంతా బాగుంది. పళ్ళు కొన్నాను. పుల్లగా ఉన్నాయి.

బటన్లాయనకి టీ ఎందుకు తెప్పించావు? మన దగ్గర టీ తాగిన సప్లయర్ అంటూ ఇంతవరకు లేడే!

పిచ్చిక


షాపు. ఆదివారం. మిషన్లు ఆపేశాక, ఒక్కదాన్నే.

పిచ్చికా,

ఈసారి నీ ఉత్తరం ఎవరికీ వినిపించలేదు. ఈ ఉత్తరం కూడా నువ్వు ఎవరికీ వినిపించకు. మరిదిగారికి కూడా వద్దు. తర్వాత నీ ఇష్టం.

మొన్న గురువారం బటన్లాయన దారాలు తెచ్చాడు. నేను ముదురు నీలం చెప్పాను. లేత నీలం తెచ్చాడు. అలా తప్పు తేవడం వరసగా ఇది మూడోసారి. నాకు కోపమొచ్చింది.

"ఏమండీ, ఇరవయ్యేళ్ళుగా వ్యాపారం చేస్తున్నారు, ఏది ముదురో ఏది లేతో తెలీదా?" అన్నాను.

"తెలుసండీ," అన్నాడు.

"తెలిస్తే మరి ఇది ఎందుకు తెచ్చారు?"

"సరైంది తెస్తే మళ్ళీ వచ్చే గురువారం దాకా ఇక్కడికి రావడానికి పనుండదు కదండీ."

నా చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. ఆయన దారాల పెట్టె మూత ఒకసారి తీసి, మళ్ళీ మూసి, చెప్పదలచుకున్నదంతా ఎక్కడో రాసుకుని వచ్చినట్టు చెప్పేశాడు. "మా ఆవిడ పోయాక ఒంటరిగానే ఉంటున్నాను. మా అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, తనకి అభ్యంతరం లేదంది. నాకు వంట వచ్చు. గురక పెట్టను, పెడతానని ఇంతవరకు ఎవరూ అనలేదు. మీకిష్టమైతే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెడదాం. ఇష్టం లేకపోతే చెప్పండి, దారం సప్లై మాత్రం ఆపను."

నేనేమన్నానో తెలుసా? "రసీదు రాసిచ్చి వెళ్ళండి," అన్నాను. వెళ్ళిపోయాడు. తర్వాత చూస్తే నిక్కరు గుడ్డకి బదులు నా చీర కొంగు కొలిచి సుద్దతో గుర్తు పెట్టేశాను.

నవ్వకు. మీ బావ పోయి పదకొండేళ్ళు. నాకు నలభై తొమ్మిది. ఈ వయసులో ఒక మనిషి నా ఇంట్లోకొచ్చి, నా తువ్వాలు వాడి, నా గ్లాసు ఎక్కడో పెట్టేస్తే నేను ఊరుకోగలనా? ఒంటరితనం అలవాటైపోయింది. అలవాటైందే గాని, ఇష్టమైందా అంటే చెప్పలేను.

నీ ఉత్తరాలు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఇంత కాలమయ్యాక కూడా వెన్న ఎక్కువ రాసి ఇచ్చే మనిషి ఉంటాడంటే, అది చూసే నాకు ధైర్యమొస్తోంది. నిన్నే అడుగుతున్నాను. నీ పెళ్ళి నేను చేశాను, ఇప్పుడు నా పెళ్ళి గురించి నువ్వు చెప్పు. మీ ఇద్దరూ ఎలా ఉన్నారో ఉన్నదున్నట్టు రాయి. నువ్వు ఊఁ అంటే నేను ఊఁ అంటాను.

తొందరగా రాయి. ఆయన రెండుసార్లు వచ్చి వెళ్ళాడు, రెండుసార్లూ రంగు సరిగ్గానే తెచ్చాడు. పాపం, బెంగపడ్డాడేమో.

అక్క


మూడో ఊరు. వంటగది కిటికీ పక్కన.
వాన పడుతోంది.

అక్కా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఈ ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చాను. నాకు ఎంత ఆనందమేసిందో, అంత భయమేసింది. నువ్వు ఊఁ అనడం, అనకపోవడం నా ఉత్తరాల మీద పెట్టావు. నా ఉత్తరాలు అబద్ధాలు.

చెయ్యీ చెయ్యీ పట్టుకోలేదు. వెన్న ఎక్కువ రాసి ఇవ్వలేదు, రొట్టె ఎవరిది వాళ్ళమే కోసుకున్నాం. బస్సు షెల్టరులో రెండు గంటలు కూర్చున్న మాట నిజం. నవ్వుకున్నామన్నది అబద్ధం. రెండు గంటల్లో ఒక్క మాట లేదు. ఆయన మడతలు పడ్డ మ్యాపుని ఒళ్ళో పెట్టుకుని సాపు చేస్తూ కూర్చున్నారు, నేను వాన చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో ఉండే మౌనమే, మాతోపాటు టికెట్టు లేకుండా ఇంత దూరం వచ్చింది. ఫోను వద్దన్నది కూడా పలకరింపులతో సరిపోతుందని కాదు. నా గొంతు వింటే నీకు తెలిసిపోతుందని.

పోయిన ఏడు వానాకాలంలో, ఒక ఆదివారం, నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన పేపరు మడిచి, "మనం ఇలా ఉండడం దేనికి?" అన్నారు. నేను చొక్కా కాలరు మీద నుంచి చూపు తిప్పకుండానే, "నిజమే, విడివిడిగా ఉంటేనే నయం," అన్నాను. "సరే," అన్నారు. అంతే. గొడవ లేదు, ఏడుపు లేదు. పాత స్కూటరు అమ్మేద్దామనుకున్నంత తేలిగ్గా తేల్చేసుకున్నాం. తర్వాతి వారం ఆయన బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ కవరు అదే అయ్యుంటుంది.

మరి ఈ ప్రయాణం ఎందుకంటావా? అంతకు వారం ముందే, సగం ధరకి ఇస్తున్నారని ఆయన టికెట్లు కొన్నారు. రద్దు చేస్తే పైసా వెనక్కి రాదుట. వృథా ఎందుకు, వెళ్ళొచ్చాకే విడిపోదాం అనుకున్నాం. ఎన్నో ఏళ్ళ తర్వాత మేమిద్దరం వెంటనే ఏకీభవించిన విషయం అదొక్కటే.

ఇదీ ఉన్నదున్నట్టు. ఇది చూసి నీ సంగతి తేల్చుకోకు. ఆయన మంచివాడే, అది నీకూ తెలుసు. నేనూ చెడ్డదాన్ని కాను. పిల్లల్లేరన్న దిగులు ఎప్పుడో పాతబడి పోయింది. కారణం చెప్పమంటే చూపించడానికి ఒక్క కారణం లేదు. అదే నాకు భయం.

మొన్న జరిగింది కూడా రాస్తాను. ఎందుకు రాస్తున్నానో నాకే తెలీదు.

ఈ హాస్టలు నడిపేది ఒక పెద్దావిడ. రెండో ఊళ్ళో చెప్పానే, సైకిళ్ళ జంట, వాళ్ళూ ఇక్కడికే వచ్చారు. ఆ అమ్మాయి సంచి భుజం పట్టీ తెగిపోయింది. నా దగ్గర లావు సూది, మైనం పూసిన దారం ఎప్పుడూ ఉంటాయి కదా, ఈ కిటికీ దగ్గర కూర్చుని కుట్టిచ్చాను. అది చూసి ఇంకో అబ్బాయి జిప్పు ఊడిన సంచి తెచ్చాడు. తర్వాత ఒకమ్మాయి చిరిగిన వానకోటు. గంట తిరిగేసరికి వంటగది గుమ్మం దాకా వరస. పెద్దావిడ తన కిటికీ తెర తెచ్చి వరసలో నిలబడింది!

రొట్టె కొనడానికి వెళ్ళిన మీ మరిది తిరిగొచ్చి గుమ్మంలో ఆగిపోయారు. అక్కా, పద్దెనిమిదేళ్ళలో ఆయన ఎన్నడైనా మన షాపు లోపలికి వచ్చారా? స్కూటరు ఆపకుండానే గుమ్మం బయట నుంచి హారను కొట్టేవారు. ఇక్కడ రొట్టె బల్ల మీద పెట్టి, పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను సూది దించడానికి వీలుగా ఆ దళసరి గుడ్డని రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. చాలాసేపటికి, "ఇక్కడ ఒక కుట్టు వేసి, అక్కడ మూడు వేశావేం?" అని అడిగారు.

"బరువు పడేది అక్కడే కదా," అన్నాను.

"పైపులక్కూడా అంతే," అన్నారు. "మలుపు దగ్గరే పగులుతాయి." కుట్టు వైపే చూస్తూ, "నువ్వు ఇది చూడగానే ఎలా తెలుసుకుంటావు?" అన్నారు. ఈ మాట నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

కుట్టినందుకు పెద్దావిడ డబ్బివ్వబోతే మేం వద్దన్నాం. దాంతో మూల గది తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. మేమున్నన్నాళ్ళూ మాకేనట, ఇద్దరికే. ఇన్నాళ్ళూ ఇనుప మంచాల మీద, పైనొకరు కిందొకరు. ఇప్పుడు ఒక గది, ఒక మంచం, ఒక కిటికీ. మధ్యాహ్నం పూట, చెరో అంచున బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాం. అప్పుడన్నారు.

"ఆ రోజు నేనడిగింది అది కాదు."

"ఏ రోజు?"

"నువ్వు ఇస్త్రీ చేస్తున్న రోజు. ఇలా ఉండడం దేనికన్నానే గాని, విడిపోదామనలేదు. ఇలా కాకుండా ఇంకోలా ఉండచ్చు కదా అని అడగాలనుకున్నాను. నువ్వు అంత తొందరగా చెప్పేసరికి, ఎప్పట్నుంచో అదే అనుకుంటున్నావనిపించింది."

"అనుకుంటూనే ఉన్నాను," అన్నాను.

అబద్ధం చెప్పాలనిపించలేదు అక్కా. నీకు రాసిన అబద్ధాలతోనే విసిగిపోయి ఉన్నాను. ఆయన తల ఊపి, "ఊఁ. అడిగి ఉండాల్సింది," అన్నారు. లేచి కిటికీ రెక్క దగ్గరికి వేశారు, జల్లు నా మీద పడుతోందని.

ఆయన అడిగింది ఇంకోలా ఉందామని, విడిపోదామన్నది నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళూ ఇద్దరం కలిసి తేల్చుకున్నామనే అనుకున్నాను. ఇప్పుడు నాకేం తోచడం లేదు. తిట్టాలనిపిస్తే తిట్టు.

పిచ్చిక


షాపు. సోమవారం పొద్దున్నే.

పిచ్చికా,

తిడతాను. కాని ముందు నా తప్పు చెప్పాలి. ఆ కవరు వచ్చిన మర్నాడే విప్పాను. కరెంటు బిల్లనుకున్నానని చెబుదామనుకున్నాను గానీ, నువ్వు నిజం రాశాక నేను అది చెప్పలేను. విప్పాలనిపించి విప్పాను. 'స్వయంగా కోరుకున్నందున బదిలీ' అని ఉంది. కోరుకున్నందున! నువ్వేమో చేతులు పట్టుకున్నామని రాస్తావు. అందుకే నిన్ను ఉన్నదున్నట్టు రాయమన్నాను. నీకు అవసరమని అడిగితే చెప్పవు. నాకు అవసరమని అడిగితే చెబుతావు. చిన్నప్పట్నుంచీ అంతే.

బటన్లాయన సంగతి మాత్రం కల్పించలేదు. అది నిజం.

ఇంక తిట్లు. పద్దెనిమిదేళ్ళు నా పక్క మిషను మీద కూర్చుని కుట్టావు. రోజుకి పది గంటలు నీ మోచెయ్యి నా మోచేతికి తగిలేది. ఒక్క మాట అనలేకపోయావా? నీ పెళ్ళి చేసింది నేనని, నేను బాధపడతానని అనుకున్నావు కదూ. బాధపడితే పడతాను. అక్కని, పింగాణీ కప్పుని కాదు.

ఇప్పుడు నా సంగతి విను. నీ ఉత్తరం బుధవారం వచ్చింది. గురువారం ఆయన వస్తాడు, ఊఁ అందామనుకున్నదాన్ని, చతికిలబడ్డాను. రాత్రి వంట కూడా చెయ్యలేదు. తర్వాత బుర్ర పని చేసింది. నీ కాపురం చూసి నేను చేసుకుంటే, రేపు మీరు విడిపోతే నేనూ విడిపోవాలా? ఇదెక్కడి లెక్క!

ఆయన రాగానే, "నాకేం తెలీదండీ, ముందు ఒక రోజంతా ఎక్కడికైనా వెళ్దాం," అన్నాను. షాపుకి తాళం వేసి ఊరవతల జలాశయానికి వెళ్ళాం. చూడ్డానికి ఏముంది, నీళ్ళు. తిరుగు బస్సు తప్పిపోయింది. ఇంకోటి నాలుగు గంటల తర్వాత. సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. అరగంట కబుర్లయ్యాయి. తర్వాత ఆయన, "ఇంక ఏం మాట్లాడాలో నాకు తెలీడం లేదండీ," అన్నాడు. "నాకూ," అన్నాను. "అయితే కాసేపు ఊరుకుందామా?" అన్నాడు. ఊరుకున్నాం. పిచ్చికా, అలా చెప్పి ఊరుకుంటే ఎంత బాగుంటుందో! బస్సెక్కేటప్పుడు ఊఁ అన్నాను.

మీ సంగతి నేను చెప్పను. ఒకసారి నీ తరఫున తేల్చాను, చాలు. కాని ఒకటి తెలియాలి. ఆ ఉత్తర్వు రద్దు చేసుకోవడానికి లేదు. కోరి తీసుకున్న బదిలీ కనక రెండేళ్ళు అక్కడ ఉండి తీరాలట. మీరు వచ్చిన పదో రోజున ఆయన చేరాలి. మరిదిగారికి చెప్పు.

విడిపోవాలనుకుంటే విడిపోండి. ఆ షెల్టరులోలాగా మాత్రం కూర్చోకండి.

అక్క


చివరి ఊరు. ఆవరణలో బల్ల మీద.

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను, తర్వాత ఆయనకి ఇచ్చాను. నీ పెళ్ళి సంగతి దగ్గర ఆయన గట్టిగా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

రెండేళ్ళ మాట చదివి మాత్రం కాయితం మడిచి నాకిచ్చి, టోపీ పెట్టుకుని, "పద," అన్నారు. ఎక్కడికని అడగలేదు. ఊరి చివర పాత నీటి పంపుల కేంద్రం ఉంది, ఇప్పుడు వాడకంలో లేదు. దానికి ఒక కాపలాదారు. ఒకరి భాష ఒకరికి రాదు. మీ మరిది జేబులోంచి నోటుబుక్కు తీసి ఒక పైపు గీశారు. అతను పెన్సిలు లాక్కుని దానికి ఒక కవాటం గీశాడు. ఇంక చూడాలి! గంటసేపు ఇద్దరూ నోరు మెదపకుండా బొమ్మలతో వాదించుకున్నారు, చేతులూపుకున్నారు, ఒకరి బొమ్మ ఒకరు కొట్టేశారు. చివరికి అతను మమ్మల్ని ఇనుప మెట్ల మీదుగా కిందికి తీసుకెళ్ళి, మనిషి నిలబడేంత పెద్ద గొట్టం చూపించాడు. ఆయన దాని మీద చెయ్యి వేసి, మొహం అంతా వెలిగిపోతూ నా వైపు తిరిగి, "దీని వయసెంతనుకుంటున్నావు?" అన్నారు.

నేను ఆ మనిషిని ఎన్నాళ్ళుగానో చూడలేదు. ఎక్కడికీ పోలేదు, రోజూ ఆఫీసులోనే ఉన్నాడన్నమాట. ఆయన షాపులోకి రాలేదని నీకు నేరం చెప్పాను కదా. నేనూ ఆయన ఆఫీసు మెట్లు ఎన్నడూ ఎక్కలేదు.

బయటికొచ్చి గోడ మీద కూర్చున్నాం.

"బదిలీ సంగతి ఏం చేద్దాం?" అన్నాను.

"నువ్వు ఎలా అంటే అలా."

ఒళ్ళు మండింది. "ఇదిగో, ఇదే! పద్దెనిమిదేళ్ళుగా ఇదే. నేనెలా అంటే అలా అయితే, నువ్వెందుకు మధ్యలో?" అనేశాను. నువ్వు అన్నానక్కా, మీరు అనలేదు. ఆయన అదిరిపడ్డారు. నేనూ.

"నీకేం కావాలో చెప్పు," అన్నాను, ఎలాగూ అనేశాను కదా అని.

టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నువ్వు నాతో రావాలి," అన్నారు. "షాపుందని తెలుసు. మీ అక్క ఉందని తెలుసు. రావని కూడా తెలుసు. అయినా నాకు కావలసింది అదే."

"రాను," అన్నాను. "ఇప్పుడు రాను. కాని మీరు అడిగారు. అది బాగుంది."

విచిత్రంగా ఇద్దరికీ ఆకలేసింది. ఈ ప్రయాణంలో మొదటిసారి గీత దాటి, కుర్చీలున్న హోటల్లో భోజనం చేశాం. ఏమీ తేల్చుకోలేదు. ఆయన వెళ్తారు, వెళ్ళక తప్పదు. నేను మన ఊళ్ళోనే ఉంటాను. విడిపోతున్నామా అంటే కాదు. కాదని నేనే అన్నాను, ఈసారి ఆలోచించి అన్నాను. శనివారం శనివారం వస్తానన్నారు, మిగతాది ఆ శనివారాలే చూసుకుంటాయి.

ఒక పేజీ ఆయనకి వదిలాను. నీకేదో రాయాలట.

పిచ్చిక

వదినగారికి నమస్కారములతో,

విషయం: మీ వివాహము గురించి.

చాలా సంతోషించాను. ఆయన్ని నేను చూడలేదు గానీ, మాట్లాడడానికి ఏమీ తోచనప్పుడు ఆ మాట పైకి చెప్పవచ్చునని నాకు ఇంతవరకు తట్టలేదు. ఆయన దగ్గర నేర్చుకోవాలి.

మీ చెల్లెల్ని నేను బాధపెట్టలేదనుకునేవాణ్ణి. ఏమీ అనకపోతే బాధపెట్టనట్టే అనుకున్నాను. అది పొరపాటు. ఆమె మీకు రాసిన అబద్ధాల్లో ఒకటి మాత్రం ఇప్పుడు నిజం చేశాను. వెన్న సంగతి.

కవరు విప్పినందుకు నేనేమీ అనుకోలేదు.

మీ మరిది


షాపు. మంగళవారం సాయంత్రం.

ఏమండీ,

ఇంత రాసి అరగంట కూర్చున్నాను. పెళ్ళయినప్పట్నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాం కదా, మీకు ఉత్తరం రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. అక్క వచ్చి తొంగిచూసి, "ఏమండీ అంటే చాల్లే, మిగతాది అదే వస్తుంది," అంది.

అక్క పెళ్ళి నిన్న జరిగింది. మీకు సెలవు దొరకనందుకు నాకన్నా బటన్లాయన ఎక్కువ బాధపడ్డారు. ఇంక బావగారు అనాలి, నోరు తిరగడం లేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టడానికి కలం అడిగితే, ఆయన కంగారులో జేబులోంచి దారం ఉండ తీసి ఇచ్చారు. ముదురు నీలం. అక్క ఎంత నవ్విందంటే, గుమాస్తా రెండుసార్లు బల్ల కొట్టాడు. ఆయన షాపు మేడ మీద అక్క ఇంటికి రెండు పెట్టెలతో వచ్చారు. పొద్దున అక్క, "నా గ్లాసు ఎక్కడ పెట్టారు?" అని అరవడం కింది దాకా వినిపించింది. తర్వాత ఇద్దరూ టీ తాగుతున్న చప్పుడు.

బడుల పని అయిపోయింది. నడుం పట్టీలు అన్నీ నేనే చూశాను. వచ్చే నెల పని తక్కువ. చేతి మిషను తీసుకుని పదిహేను రోజులు మీ దగ్గరికి వద్దామనుకుంటున్నాను. అక్కడే ఉండిపోతానని కాదు. ఉండననీ కాదు. మీ ఆఫీసు మెట్లు ఎక్కి, మీరు గీసే బల్ల ఎలా ఉంటుందో చూడాలి. అక్కడి వాళ్ళకి నేనెవరని చెబుతారో కూడా వినాలి.

మొన్న ఆదివారం మీరు బస్సెక్కి వెళ్ళాక ఇంటికొచ్చాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మునుపూ నిశ్శబ్దంగానే ఉండేది. రెండూ ఒకటే అనుకునేదాన్ని. కాదు. అప్పుడు పక్క గదిలో మీరు పేపరు తిప్పేవారు. ఆ చప్పుడు నాకు ఇష్టమని తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఎదురుగా ఉన్నప్పుడు చెప్పాలి, చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

శనివారం ఏ బస్సుకి వస్తారో రాయండి. స్టాండు నుంచి నడిచి వస్తానంటారు, వద్దు. నేను ఎదురొస్తాను.

మీ భార్య